బాండు పేపరు మీద తెగని లెక్క

తాడిపత్రి బండల ఫ్యాక్టరీల్లోనైనా, ఎర్రగుంట్ల పక్క నాపరాళ్ల పాలిష్ యూనిట్లలోనైనా, ఆదోని జిన్నింగ్ మిల్లుల్లోనైనా ప్రమాదం జరిగాక నడిచే తంతు దాదాపు ఒకటే. ఆసుపత్రి బిల్లు ఓనరు కడతాడు. కట్టు విప్పకముందే ఇద్దరు పెద్దమనుషులు కూర్చుంటారు. వంద రూపాయల బాండు పేపరు మీద ‘నా అజాగ్రత్త వల్లే జరిగింది, ఇంత మొత్తం ముట్టింది, ఇక నాకూ నా వారసులకూ ఏ హక్కూ లేదు’ అని రాస్తారు. పోయింది కుడిచేతి బొటనవేలే అయినా ఇబ్బందేమీ రాదు, వేలిముద్ర ఎడమచేతిదే తీసుకుంటారు కదా.

కార్మికుల పరిహార చట్టం ముందు ఆ బాండు పేపరుకు విలువ లేదు. పరిహారం హక్కును వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చే ఏ ఒప్పందమూ చెల్లదు. రాజీ పడకూడదని కాదు. పడితే ఆ ఒప్పందం కార్మిక శాఖ అధికారి దగ్గర నమోదు కావాలి. మొత్తం తక్కువగా ఉన్నా, మోసంతోనో ఒత్తిడితోనో రాయించారనిపించినా ఆయన నమోదు చేయడానికి నిరాకరించవచ్చు. నమోదు కాని రాజీ వల్ల ఓనరుకే ఎక్కువ నష్టం. డబ్బూ పోతుంది, కేసూ మిగులుతుంది.

ఆ బొటనవేలి లెక్కే చూద్దాం. మనిషి వయసు 35, నెల జీతం 12,000. శాశ్వత వైకల్యానికి లెక్కలోకి తీసుకునేది అందులో 60 శాతం, అంటే 7,200. ముప్పై అయిదేళ్లకు చట్టంలోని పట్టిక ఇచ్చే గుణకం 197.06. రెండూ గుణిస్తే 14,18,832. బొటనవేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో నష్టం 30 శాతమని ఇంకో పట్టిక చెబుతుంది. చేతికి రావాల్సింది 4,25,649 రూపాయలు. పంచాయతీలో లక్షకో లక్షన్నరకో తెగ్గొట్టినప్పుడు ఈ గుణకారం చేసినవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

చట్టం పేరు గురించి కొంచెం. 1923లో వచ్చింది. మనవాళ్ల నోట్లో ఇప్పటికీ ‘వర్క్‌మెన్ కాంపెన్సేషన్’, వకీళ్ల మాటలో ‘డబ్ల్యూసీ కేసు’. 2010లో దాని పేరు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ అయింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి (కోడ్), 2020 అమల్లోకి వచ్చింది. ఈ సంగతులన్నీ అందులో ఏడో అధ్యాయంలో ఉన్నాయి. ప్రమాదం ఆ తేదీకి ముందుదైతే పాత చట్టమే వర్తిస్తుంది. లెక్క కట్టే పద్ధతి మాత్రం రెండింటిలోనూ అదే.

ఈ చట్టంలో తప్పెవరిదన్న విచారణ లేదు. పని వల్ల, పని చేస్తుండగా దెబ్బ తగిలిందా లేదా, అంతే. ‘నా అజాగ్రత్త’ అని బాండు పేపరులో రాయించిన వాక్యం అందుకే దండగ. తాగి ఉండటం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని మీరడం, మిషన్ గార్డును తెలిసే తీసేయడం — ఈ మూడే మినహాయింపులు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా ఆ మూడు కూడా అడ్డు రావు. ‘తాగొచ్చినాడు సార్’ అనే వాదన చావు కేసులో నిలబడకపోవడానికి కారణం ఇదే.

ఇక మొత్తాన్ని తేల్చేవి మూడు అంకెలు: జీతం, వయసు, నష్టం శాతం. మూడూ కార్మికుడు రాసేవి కావు. ఒకటి ఓనరు పుస్తకంలో ఉంటుంది, ఒకటి ఆధార్‌లో, ఒకటి డాక్టరు చేతిలో.

జీతం దగ్గరే ఎక్కువ డబ్బు పోతుంది. మరణానికి సూత్రం: నెల జీతంలో సగం, దాన్ని వయసు గుణకంతో గుణించాలి. 2020 జనవరి 3 నుంచి లెక్కలోకి తీసుకునే నెల జీతానికి గరిష్ఠ పరిమితి 15,000. ఇరవై వేలు సంపాదించినా పదిహేను వేలకే లెక్క. 35 ఏళ్ల మనిషికి 7,500ను 197.06తో గుణిస్తే 14,77,950. అదే మనిషికి ఓనరు రిజిస్టరులో 6,000 అని రాసి ఉంటే 5,91,180. ఒక్క పుస్తకంలోని ఒక్క గడి వల్ల ఎనిమిది లక్షల ఎనభై ఆరు వేల తేడా. పాత చట్టంలో మరణానికి కనీసం 1,20,000, శాశ్వత పూర్తి వైకల్యానికి 1,40,000 అని హద్దులు ఉన్నాయి కానీ, ఆ కనీసం దగ్గర ఆగిపోయే కేసు అంటే జీతం నిరూపించలేని కేసని అర్థం.

మన దగ్గర వారం బట్వాడా చేతికిచ్చే పద్ధతే ఎక్కువ. రసీదు ఉండదు. అలాంటప్పుడు ఫోన్‌పే, గూగుల్‌పేలో వారం వారం పడ్డ డబ్బు స్క్రీన్‌షాట్లు, మేస్త్రీ నోటుపుస్తకంలో హాజరు పేజీ ఫొటో, అదే పని చేసే ఇద్దరి వాంగ్మూలం పనికొస్తాయి. ఏడాదికి పైగా ఒకే చోట చేసి ఉంటే గత పన్నెండు నెలల మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తారు. చేరి నెల కూడా కాకపోతే అక్కడ అదే పని చేసేవాళ్ల సగటు తీసుకుంటారు. ‘నిన్ననే చేరినాడు’ అన్నా పరిహారం ఎగ్గొట్టడానికి కుదరదు. రోజు కూలీ అయినా, కాంట్రాక్టు మనిషి అయినా అంతే. బేసిక్ తక్కువ చూపి అలవెన్సులుగా ముక్కలు చేసే జీతాలకు కొత్త స్మృతులు ఒక చెక్ పెట్టాయి. మొత్తంలో సగానికి మించిన అలవెన్సులు తిరిగి జీతంలోనే కలుస్తాయి.

వయసు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. 20 ఏళ్లకు గుణకం 224.00, 30కి 207.98, 40కి 184.17, 50కి 153.09, 60కి 117.41. ఆధార్ తీసుకున్న తొలి రోజుల్లో అందాజుగా జనవరి 1 అని, నోటికొచ్చిన సంవత్సరం వేసినవాళ్లు పల్లెల్లో కొల్లలు. 35 ఏళ్ల మనిషి ఆధార్‌లో 40గా ఉంటే పదిహేను వేల జీతం మీద మరణ పరిహారం 96,675 తగ్గుతుంది. బడి రికార్డు ఉంటే స్టడీ సర్టిఫికెట్ తెచ్చుకోవడం మేలు. పోస్టుమార్టం రిపోర్టులో ‘సుమారు 45’ అని రాసిన వయసును పట్టుకుని వాదించడం ఇన్సూరెన్స్ కంపెనీ వకీలుకు అలవాటే.

శాతం దగ్గర చాలామంది సదరం సర్టిఫికెట్ పట్టుకొస్తారు. సదరం పింఛను కోసం. అందులోది శరీర వైకల్యం శాతం; పరిహారానికి కావాల్సింది సంపాదన శక్తిలో నష్టం శాతం. రెండూ ఒకటి కావు. పట్టికలో ఉన్న దెబ్బలకు డాక్టరు శాతంతో పని లేదు. బొటనవేలు 30, చూపుడువేలు మొత్తం 14, ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. పట్టికలో లేనివాటికి, అంటే తుంటి విరగడం, వెన్నుపూస, మోకాలు మడవలేకపోవడం లాంటివాటికి, ‘ఈ మనిషి చేసే ఈ పనికి ఇంత శాతం సంపాదన శక్తి పోయింది’ అని డాక్టరు రాయాలి. అలా రాసిన డాక్టరు అవసరమైతే వచ్చి సాక్ష్యం కూడా చెప్పగలగాలి. వైద్యం చేసిన డాక్టరే రాస్తే బలం ఎక్కువ.

పనిని బట్టి శాతం ఎలా మారుతుందో 1975లో సుప్రీంకోర్టు ఒక వడ్రంగి కేసులో చెప్పింది. సినిమా హాలులో అలంకరణ పని చేస్తూ పడిపోయాడు, ఎడమ చేయి మోచేతి పైకి తీసేశారు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూరు శాతమేనని తేల్చింది. లారీ డ్రైవరు మోకాలు, బండలు మోసే హమాలీ వెన్ను, కోత మిషన్ మీద నిలబడేవాడి చూపు — వీటికి ఈ తీర్పే ఆధారం. పరిహారం బాకీ పడేది ఆర్డరు వచ్చిన రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచేనని చెప్పిందీ ఇదే తీర్పు.

ఆ రెండో మాట ఓనర్లు గోడకు అంటించుకోవాలి. బాకీ పడిన నెలలోపు డబ్బు కట్టకపోతే ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ. 14,77,950 మీద ఏడాదికి 1,77,354. కేసు మూడేళ్లు సాగితే అయిదు లక్షలు దాటుతుంది. ఆలస్యానికి సరైన కారణం లేకపోతే అసలులో 50 శాతం దాకా జరిమానా. కార్మికుల ప్రమాదాలకు ఓనరు పాలసీ తీసుకుని ఉంటే అసలును, వడ్డీని ఇన్సూరెన్స్ కంపెనీ మీద వేయవచ్చు; జరిమానా మాత్రం ఓనరు జేబులోంచే పోతుందని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. ఎంత ఇవ్వాలన్న దానిమీద తగాదా ఉన్నా, తాను ఒప్పుకునేంత డబ్బు ముందే డిపాజిట్ చేసేస్తే దానిమీద వడ్డీ ఆగుతుంది. చేసేవాళ్లు మాత్రం తక్కువ.

ఆసుపత్రికి పెట్టిన ఖర్చు పరిహారంలో తగ్గదు. ‘రెండు లక్షలు వైద్యానికే పెట్టినా, ఇంకేం ఇవ్వాలా’ అన్న మాట పంచాయతీలో బాగా పనిచేస్తుంది, అధికారి ముందు పనిచేయదు. పని ప్రమాదానికి అయిన వైద్య ఖర్చు ఓనరే భరించాలి, పరిహారం వేరు. మంచం మీద ఉన్న కాలానికి పదిహేను రోజులకోసారి నెల జీతంలో 25 శాతం ఇవ్వాలి. పన్నెండు వేల జీతానికి పక్షానికి 3,000. ఇలా ఇచ్చినది మాత్రం తర్వాతి ఏకమొత్తంలో తగ్గించుకోవచ్చు. పనికి దూరమైన కాలం 28 రోజుల లోపైతే మొదటి మూడు రోజులకు ఇవ్వరు.

చావు కేసులో ఓనరు చేసే పెద్ద పొరపాటు డబ్బు నేరుగా కుటుంబం చేతిలో పెట్టడం. మరణ పరిహారాన్ని అధికారి దగ్గరే డిపాజిట్ చేయాలి. నేరుగా ఇచ్చింది చెల్లింపు కింద లెక్కకు రాదు. అంత్యక్రియల హడావుడిలో ఇవ్వాలనుకుంటే మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు ఇవ్వవచ్చు, అంతవరకే తగ్గుతుంది. చనిపోయినవాడి బావమరిదికి పది లక్షలు ఇచ్చి రసీదు తీసుకున్నా, చనిపోయినవాడి భార్య కేసు వేస్తే ఓనరు మళ్లీ మొత్తం కట్టాల్సి వస్తుంది.

మొదటి రోజు కాగితం గురించి. 108లో తీసుకెళ్లినా, ఆటోలో తీసుకెళ్లినా క్యాజువాలిటీలో ‘ఎలా జరిగింది’ అని అడుగుతారు. ఓనరు మనిషి ‘ఇంటి దగ్గర జారిపడ్డాడు’ అనో ‘బండి మీంచి పడ్డాడు’ అనో చెబుతాడు, కేసు షీటులో అదే ఎక్కుతుంది. ఆరు నెలల తర్వాత ‘ఫ్యాక్టరీలో జరిగింది’ అంటే మొదటి ప్రశ్న ఆ షీటు మీదే వస్తుంది. పక్కనున్న తోటి కూలీ నోరు విప్పాల్సింది అక్కడే: ఫలానా ఫ్యాక్టరీలో, ఫలానా మిషన్ దగ్గర, ఇన్ని గంటలకు. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయమని అడగాలి. ఓనరుకూ నిజం రాయించడమే లాభం. పాలసీ ఉంటే క్లెయిము పాస్ కావడానికి కంపెనీ మొదట అడిగేది ఆ కాగితమే. అబద్ధం రాయించి తర్వాత పాలసీ డబ్బు అడిగితే ఆ అబద్ధాన్నే కంపెనీ చూపిస్తుంది.

ఇప్పుడు ఈఎస్ఐ, అంటే కార్మికుడు, ఓనరు కట్టే చందాలతో నడిచే ప్రభుత్వ బీమా. పదిమంది, అంతకు పైన పనిచేసే చోట, నెలకు 21,000 లోపు జీతమున్నవాళ్లకు ఈఎస్ఐ ఉండాలి. కార్మికుడి వాటా 0.75 శాతం, ఓనరు వాటా 3.25 శాతం. ఈఎస్ఐ వర్తించే మనిషికి ఈ పరిహారం దారి మూసుకుపోతుంది. బదులుగా పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం, శాశ్వత నష్టానికీ మరణానికీ నెల నెలా పింఛను వస్తాయి. దెబ్బ మొదటి రోజే తగిలినా, ఒక్క నెల చందా కట్టకపోయినా పని ప్రమాదానికి ఈఎస్ఐ వర్తిస్తుంది. వైద్యం మీద ఎన్ని ఫిర్యాదులున్నా, ముప్పై ఏళ్ల వయసులో భర్త పోయిన ఇంటికి ఏకమొత్తం కంటే నెలవారీ పింఛనే నయం.

మన ప్రాంతానికి ఇక్కడొక మెలిక ఉంది. కేవలం పత్తి జిన్నింగో, ప్రెస్సింగో, వేరుశనగ కాయలు కొట్టడమో చేసే మిల్లులు చట్టం దృష్టిలో సీజనల్ ఫ్యాక్టరీలు. వాటికి ఈఎస్ఐ లేదు. అంటే ఆదోని జిన్నింగు మిల్లులో చేయి పోయినా, అనంతపురం వైపు చెనిక్కాయల మిల్లులో, కర్నూలోళ్ల మాటలో బుడ్డల మిల్లులో, బెల్టుకు చీర చుట్టుకున్నా పూర్తి బాధ్యత ఓనరు నెత్తిమీదే పడుతుంది. ఈ మిల్లులకు పాలసీ తప్పనిసరి అవసరం. సీజను మూడు నాలుగు నెలలే కదా అని మానేసేదీ వీళ్లే. ‘కేవలం’ అన్న మాటను మరిచిపోవద్దు. అదే ఆవరణలో నూనె కూడా తీస్తుంటే అది సీజనల్ కాదు, ఈఎస్ఐ పరిధిలోకి వస్తుంది.

పాలసీ తీసుకున్నవాళ్లు పడే గుంతలు కొన్నే, కానీ అందరూ వాటిలోనే పడతారు. ప్రీమియం తగ్గుతుందని ఇరవై మంది ఉంటే ఎనిమిది మందిని చూపిస్తారు. ప్రమాదం తొమ్మిదో మనిషికి జరిగినట్టు కంపెనీ వాదిస్తుంది. జీతం తక్కువ రాస్తారు, తక్కువ రాసినంతకే కంపెనీ కడుతుంది, తేడా ఓనరు కట్టుకోవాలి. క్రేను నడిపేవాణ్ణి హెల్పరుగా చూపిస్తారు. కాంట్రాక్టరు మనుషుల్ని అసలు చేర్చరు. వైద్య ఖర్చుకు, వృత్తి రోగాలకు విడిగా కవర్ కావాలా అని అడగరు. గ్రూపు యాక్సిడెంట్ పాలసీ ఉంది కదా అనుకోవడం ఇంకో పొరపాటు. అది కార్మికుడికి అదనంగా వచ్చే డబ్బు, చట్టం ప్రకారం ఓనరు మీద పడే బాకీని అది తీర్చదు. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే సురక్ష బీమా రెండు లక్షలు కూడా అంతే. అది ఇంటికి విడిగా వస్తుంది, పరిహారంలోంచి తీసేయకూడదు.

‘మేస్త్రీ మనిషి, నాకు సంబంధం లేదు’ అనే మాటకూ చోటు లేదు. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చినా, తన ఆవరణలో జరిగిన ప్రమాదానికి అసలు ఓనరే కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. సొంత ఇల్లు కట్టుకునే బడిపంతులు సంగతి వేరు. ఇళ్లు కట్టడం ఆయన వ్యాపారం కాదు కాబట్టి కూలికి బాధ్యుడు మేస్త్రీనే. మేస్త్రీ దగ్గర వసూలు చేయడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అందుకే సెంట్రింగు పనికి ముందే పాలసీ ఉందా అని అడగడం ఇల్లు కట్టుకునేవాళ్లకూ మంచిదే.

పనికి వెళ్తూ, పని నుంచి ఇంటికొస్తూ జరిగే ప్రమాదం గురించి పాత చట్టంలో తగాదా ఉండేది. కొత్త స్మృతిలో స్పష్టంగా రాశారు. సమయం, దారి, పనికీ ప్రమాదానికీ ఉన్న లింకు రుజువైతే అదీ పని ప్రమాదమే. రోడ్డు ప్రమాదమైతే మోటారు వాహన ప్రమాదాల ట్రిబ్యునల్ దారి కూడా ఉంటుంది, కానీ లారీ డ్రైవరో క్లీనరో తన బండి ఓనరు మీద రెండు చోట్లా వేయడానికి లేదు. ఒకటి ఎంచుకోవాలి. జీతం 15,000 దాటిన డ్రైవరుకు, తప్పు అవతలి బండిదైతే, ట్రిబ్యునలే మేలు. తప్పు డ్రైవరుదే అయితే పరిహారం దారి తప్ప గతి లేదు.

దుమ్ము జబ్బు మీద ఇంకో మాట. గ్రానైటు కోతలో, రాయి పొడి చేసే చోట ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు సిలికోసిస్ వస్తే అది చట్టంలో వృత్తి రోగమే, ప్రమాదంతో సమానం. అయితే దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి టీబీ మందులు మొదలుపెడతారు, ‘ఏం పని చేస్తావు’ అన్న గడి ఖాళీగా ఉంటుంది. ఓపీ చీటీ మీద ‘రాతి కోత, ఇన్నేళ్లు’ అని రాయించుకోవాలి. జబ్బు వల్ల వరసగా పని మానేసిన మొదటి రోజునే ప్రమాదం రోజుగా లెక్కిస్తారు.

గడువు రెండేళ్లు. ప్రమాదం నుంచి, చావు అయితే చావు నుంచి. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు కానీ దాన్ని నమ్ముకోకూడదు. దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. కోసిగి నుంచి వలస వెళ్లి బెంగళూరులో సెంట్రింగు మీంచి పడిన మనిషి, గుంటూరు వైపు మిరప కోతకు వెళ్తూ ట్రాక్టరు బోల్తా పడి దెబ్బతిన్న మనిషి తన సొంత జిల్లాలో, అంటే కర్నూలు కార్మిక శాఖ కార్యాలయంలోనే వేయవచ్చు. అనంతపురం, కడప వాళ్లకూ ఇంతే. బెంగళూరు వకీలు, నెలకోసారి బస్సు చార్జీ అక్కర్లేదు. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు మాత్రం వచ్చేముందే అక్కడి స్టేషను నుంచి సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోవాలి, తర్వాత అవి రావడానికే ఏడాది పడుతుంది. తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆధార్, రేషన్ కార్డు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు, జీతం రుజువులు. దరఖాస్తులో భార్య, పిల్లలు, ఆధారపడ్డ తల్లిదండ్రులు అందరి పేర్లూ ఉండాలి. ఒకరిని వదిలేస్తే పంపకం దగ్గర ఆగిపోతుంది.

వకీలు ఫీజుకు భయపడి వచ్చిన డబ్బులో ఇంత శాతమని మాట ఇచ్చేయకండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఆదాయంతో పని లేదు; 15100కు ఫోన్ చేస్తే చాలు. ఆర్డరు వచ్చాక ఓనరు హైకోర్టుకు పోవాలంటే 60 రోజుల్లోపు, మొత్తం డిపాజిట్ చేసిన రసీదుతో పోవాలి. కట్టకుండా కూర్చుంటే భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయవచ్చు.

డబ్బు డిపాజిట్ అయ్యాక పంపకం అధికారిదే. మైనరు పిల్లల వాటాను వాళ్లకు పద్దెనిమిది నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ వేయిస్తారు. బడి ఫీజుకో వైద్యానికో మధ్యలో కావాలంటే తల్లి దరఖాస్తు పెట్టుకుంటే కొంత విడుదల చేయించవచ్చు. ఫీజు కాగితం, బోనఫైడ్ సర్టిఫికెట్ జత చేయాలి.